జీపు బండి: యుద్ధభూమినుండి పంటభూమికి

సహకార సంఘపు పత్రికలో పాత సైనిక శకటమును గూర్చి వ్రాయుట కొందరు సభ్యులకు వింతగా తోపవచ్చును. విత్తనములు, ఎరువులు, పరపతి, చీడపీడలు, ఇవి మన పత్రికకు నిత్యవిషయములు. అయినను ఈ నెల మేము జీపు బండి చరిత్రమును సభ్యుల యెదుట నుంచదలచితిమి. అందులకు రెండు కారణములు కలవు. రెండవ ప్రపంచ యుద్ధములో పుట్టిన యీ బండ్లలో కొన్ని, ఎనుబది యేండ్లు దాటినను, బాగుచేయబడి నేటికిని నడుచుచున్నవి. ఒక యంత్రమునకు ఇంతటి దీర్ఘాయువు ఎట్లు కలిగెనో తెలిసికొనుట ట్రాక్టరును, పంపును, నూర్పిడి యంత్రమును కొనుచున్న రైతునకు మిక్కిలి ప్రయోజనకరము. ఇది మొదటి కారణము. "బాగుచేసినది" అను మాట నమ్మి ధనము పోగొట్టుకొనుట వ్యక్తులకే గాక ప్రభుత్వమునకును ఒకప్పుడు సంభవించినది. సంఘపు పెట్టెలోని ప్రతి రూపాయియు సభ్యుల చెమటవలన వచ్చినది గనుక ఆ కథయు చెప్పవలసియున్నది. ఇది రెండవ కారణము.

49 దినముల గడువు

1939 లో ఐరోపాలో యుద్ధము మొదలయ్యెను. ఆ కాలమున అమెరికా సైన్యము వార్తలు చేరవేయుటకును, ముందుదారి చూచి వచ్చుటకును గుఱ్ఱములను, మోటారు సైకిళ్లను వాడుచుండెను. గుఱ్ఱము అలసిపోవును, మోటారు సైకిలు బురదలో దిగబడును, పెద్ద లారీ ఇరుకుదారిని పోజాలదు. వీనికి బదులుగా, చిన్నదియు తేలికయైనదియు నగు బండి యొకటి ఆ సైన్యమునకు కావలసివచ్చెను. 1940 జూలైలో 135 కంపెనీలకు వర్తమానము పంపిరి. నాలుగు చక్రములకును ఇంజను బలము అందవలెను, బరువు మిక్కిలి తక్కువగా నుండవలెను, మొదటి బండిని 49 దినములలో తెచ్చి చూపవలెను: ఇవి వారు కోరిన ముఖ్య నిబంధనలు.

గడువు చూచి పెద్ద కంపెనీలు వెనుకాడెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు అను పట్టణములోని బాంటం అను చిన్న కంపెనీ మాత్రము ఆ గడువునకు ఒప్పుకొనెను. అప్పటికి ఆ కంపెనీ దివాలా అంచున నుండెను. కార్లు ప్రాబ్‌స్టు అను ఇంజనీరు వచ్చి కొలది దినములలోనే బండి నమూనా గీసియిచ్చెను. ప్రతి భాగమును క్రొత్తగా పోత పోయించుటకు కాలము లేదు. కావున వీలైనంతవరకు బజారులో దొరకు ఇరుసులను, గేర్లను తెచ్చి, కావలసిన మార్పులు చేసి కూర్చిరి. 1940 సెప్టెంబరు 23 వ తేదీన, గడువు ముగియు దినముననే, ఆ బండి మేరీలాండు రాష్ట్రములోని హోలాబర్డు సైనిక స్థావరమునకు చేరెను.

బండి సైనికాధికారులకు నచ్చెను. అయితే వేలకొలది బండ్లు చేయు శక్తి ఆ చిన్న కంపెనీకి లేదని వారు తలచి, ఆ నమూనాను విల్లీసు ఓవర్‌లాండు, ఫోర్డు కంపెనీలకును చూపిరి. మూడు కంపెనీలును తలకొక 1,500 బండ్లు చేయుటకు ఉత్తర్వులు పొందెను. మూడింటిలో విల్లీసువారి ఇంజను బలమైనది. దాని శక్తి 60 అశ్వశక్తులు. కాని వారి బండి బరువైపోయెను. సైన్యము విధించిన హద్దు 2,160 పౌనులు, అనగా సుమారు 980 కిలోలు. విల్లీసువారి ఇంజనీరు బార్నీ రూసు బండిని విప్పించి, భాగములను తూచి, బోల్టుల అదనపు పొడవును కోయించి, రంగు పూతను సైతము పలుచన చేయించి ఆ హద్దునకు లోబరచెనని చెప్పుదురు. 1941 జూలైలో విల్లీసు నమూనాయే ప్రమాణముగా నిర్ణయింపబడెను. 1942 నుండి ఫోర్డు కంపెనీయు అదే బండిని చేసెను. యుద్ధము ముగియునాటికి ఈ రెండు కంపెనీలును కలిసి 6 లక్షల 30 వేలకు పైగా బండ్లు చేసియుండెను. మొదట దారి చూపిన బాంటం కంపెనీ చేసినవి సుమారు 2,700 మాత్రమే. తరువాత దానికి వెనుక తగిలించు బండ్లు చేయు పని యిచ్చిరి. ఒకడు విత్తగా మరియొకడు కోసెను.

బండి నిర్మాణము

ఈ బండికి "జీపు" అను పేరు ఎట్లు వచ్చెనో పలువురు పలువిధముల చెప్పుదురు. పేరెట్లున్నను రూపము తేటయైనది. పొడవు 11 అడుగులు; వెడల్పు 5 అడుగుల పైచిలుకు; ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ దూరము 80 అంగుళములు. పెట్రోలు, నీరు నింపిన తరువాత బరువు సుమారు 1,100 కిలోలు. తలుపులు లేవు, పైకప్పు గుడ్డతో చేసినది, ముందరి అద్దమును మడచి బానెట్టుపై పరుండబెట్టవచ్చును. పెట్రోలు తొట్టి నడుపువాని పీట క్రిందనే యుండును.

ఇంజనునుండి వచ్చు బలము మూడు గేర్ల పెట్టెను దాటి, దాని వెనుకనున్న మరియొక చిన్న పెట్టెలోనికి పోవును. ఆ చిన్న పెట్టెలో రెండు పనులు జరుగును. ఒక మీటను లాగినచో ముందు ఇరుసునకును బలము అందును. రెండవ మీటను లాగినచో బండి వేగము దాదాపు సగమై, లాగు బలము దాదాపు రెండింతలగును. బురదలో ఒక చక్రము జారినను తక్కినవి పట్టి లాగుటకు ఇదియే కారణము. నేటి మన ట్రాక్టర్లలోని తక్కువ గేరు, ఎక్కువ గేరు ఏర్పాటును ఎరిగిన రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది బలమును గూర్చి కాదు, మరమ్మతును గూర్చి. యుద్ధభూమిలో పెద్ద కర్మాగారము వెంట రాదు. పాడైన బండిని అచ్చటనే, చేతనున్న పానాలతోనే బాగుచేసికొనవలెను. ఈ సంగతిని మనస్సున నుంచుకొనియే బండిని నిర్మించిరి. ఇంజనులో కవాటములు క్రింది దిమ్మెలోనే యుండుటచేత పైమూత చదునైన పలకవలె నుండి సులువుగా ఊడివచ్చును. ముందు దీపములను బిగించిన మరను వదలుచేసి వెనుకకు త్రిప్పినచో ఆ వెలుగు ఇంజనుపై పడును. రాత్రివేళ మరమ్మతు చేయువానికి వేరు లాంతరు అక్కరలేదు. గాలిలోని దుమ్మును పట్టుటకు ఆయిలు గిన్నె గల వడపోత యుండెను. మన పాత ట్రాక్టర్లలోనిదియు ఇట్టిదే. అన్నిటికంటె గొప్ప సంగతి యేమనగా, విల్లీసు బండి భాగము ఫోర్డు బండికిని, ఫోర్డు బండి భాగము విల్లీసు బండికిని సరిపోవును. పాడైన రెండు బండ్లనుండి మంచి భాగములు తీసి, నడుచు బండి నొకదానిని సిద్ధము చేయవచ్చును. ఎనుబది యేండ్ల ఆయువునకు మూలము ఈ పొందికయే.

అస్సాము, బర్మా అడవులలో

జీపు బండి ఐరోపాలోను, ఆఫ్రికా యెడారిలోను పనిచేసినట్లే మన దేశపు తూర్పు సరిహద్దులోను పనిచేసెను. అస్సాములోని లేడోనుండి బర్మా కొండల మీదుగా చైనాకు వేసిన బాటలో 1945 జనవరిలో బయలుదేరిన తొలి శకటముల వరుస ఫిబ్రవరిలో కున్మింగు పట్టణము చేరెను. ఆ వరుసలో లారీలతోపాటు జీపులును ఉండెను. బర్మాలో రైలింజన్లు దొరకనిచోట జీపునకు రైలు చక్రములు తొడిగి పట్టాలపై పెట్టెలను లాగించిరి. గాయపడినవారిని మోయు మంచములు దానిపైనే కట్టిరి. ఒకే బండి ఇన్ని పనులకు అక్కరకు వచ్చుట చూచిన సైనికులు, యుద్ధము ముగిసినపిమ్మట ఇది పొలములోను ఉపయోగపడునని తలచుట సహజమే.

పొలములో దాని మంచియు, కొరతయు

1945 లోనే విల్లీసు కంపెనీ పౌరులకొరకు "సీ.జే. 2ఏ" అను జీపును విడుదల చేసెను. వెనుకవైపు దింపు తలుపు, బండిని తగిలించు కమ్మీ దీనికి కలవు. యంత్రములను త్రిప్పు ఇరుసును, బెల్టు చక్రమును కోరినవారికి వేరుగా అమర్చియిచ్చిరి. దున్నును, రంపమును త్రిప్పును, సరుకు మోయును, సంతకు తీసికొనిపోవును అని కంపెనీవారు ప్రకటించిరి. 1949 వరకు ఈ రకము బండ్లు 2 లక్షలకు పైగా తయారయ్యెను.

ఈ ప్రకటనలో కొంత నిజము, కొంత అతిశయము కలదు. మోత పనిలోను, చిన్న యంత్రములను త్రిప్పుటలోను జీపు మెప్పు పొందెను. దుక్కిలో మాత్రము ట్రాక్టరుతో సరితూగలేదు. కారణము సులభము. నాగలిని లాగునది ఇంజను ఒక్కటియే కాదు. నేలను పట్టిన చక్రములపై నున్న బరువును లాగును. జీపు తేలికయైన బండి. దాని చక్రములు చిన్నవి. బాటపై కుదుపు తెలియకుండుటకై వేసిన స్ప్రింగులు పొలములో నాగలి లోతును ఒక్కతీరుగా నిలువనీయవు. పైగా గంటలకొలది మెల్లగా లాగవలసివచ్చినపుడు, వేగముగా పోవుటకు ఉద్దేశించిన ఇంజను చల్లబడుట కష్టము. నల్లరేగడి నేలలో దీనితో లోతుదుక్కి చేయవలెననుట మేకచేత అరక కట్టించుట వంటిదే. ప్రతి యంత్రమునకు తన పని కలదు. అన్ని పనులు చేయునన్న యంత్రమును ప్రతి పనియందును విడివిడిగా పరీక్షింపవలెను.

బ్రిటనులో ఈ జీపు మరియొక బండికి తల్లియయ్యెను. రోవరు కంపెనీలో ముఖ్య ఇంజనీరగు మారిసు విల్క్సునకు ఆంగ్లెసీ దీవిలో వ్యవసాయ భూమి కలదు. అక్కడ ఆయన సైన్యము అమ్మివేసిన పాత జీపు నొకదానిని వాడుచుండెను. అది అరిగిపోయినచో దాని స్థానమున పెట్టుటకు తగిన స్వదేశపు బండి లేదని గ్రహించి, 1947 లో తానే అట్టిదానిని చేయింప పూనుకొనెను. తొలి ప్రయోగపు బండిని జీపు చట్రముపైననే కట్టిరి. 1948 ఏప్రిలు 30 వ తేదీన ఆంస్టర్‌డాము ప్రదర్శనలో "లాండ్ రోవరు" అను పేర దానిని ప్రజలకు చూపిరి. యుద్ధానంతరము ఉక్కు కరవగుటచేత పైతొడుగును అల్యూమినియము మిశ్రమముతో చేసిరి. ఇరుసుల నడుమ దూరము మాత్రము జీపునకువలెనే 80 అంగుళములు.

మన దేశమునకు వచ్చిన విధము

1945 లో స్థాపింపబడి, 1948 నుండి మహీంద్రా అండ్ మహీంద్రా అను పేర వ్యవహరింపబడిన కంపెనీ, స్వాతంత్ర్యము వచ్చిన కాలముననే విల్లీసు జీపులను విడిభాగములుగా తెప్పించి బొంబాయిలో కూర్చుటకు ఉపక్రమించెను. తరువాత ఆ భాగములను ఇచ్చటనే చేయసాగెను. 1952 అక్టోబరు 2 వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చెను. మన పల్లెలలో పెద్దలకు నేటికిని జీపనగా బ్లాకు జీపే జ్ఞప్తికి వచ్చును. ఆ కంపెనీయే తరువాత ట్రాక్టర్లు చేయ నారంభించి, 2013 లో మన తెలంగాణములోని జహీరాబాదునందు ట్రాక్టర్ల కర్మాగారమును తెరచెను. సైనిక శకటమునుండి పొలపు యంత్రము వరకు సాగిన యీ దారి మన గుమ్మమువరకు వచ్చినదన్నమాట.

ఇక ముందు సూచించిన కథ. 1948 లో కాశ్మీరు యుద్ధమునకు జీపులు తక్షణము కావలసివచ్చెను. క్రొత్తవి త్వరగా దొరకవని, బాగుచేసిన పాత జీపులను కొనుటకు లండనులోని భారత హైకమిషను ఒక విదేశపు కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. ధరలో అధికభాగము బండ్లు చేరకముందే చెల్లింపబడెను. వచ్చినవి 155 మాత్రమే. అవియు సైన్యపు పనికి తగియుండలేదు. ఈ వ్యవహారము పార్లమెంటులో గొప్ప చర్చకు కారణమయ్యెను. 1955 లో ప్రభుత్వము దీనిని ముగించినట్లు ప్రకటించెను. ఎవరి తప్పు ఎంత అను విచారణ మన పని కాదు. వస్తువును చూడకముందే ధర చెల్లించిన కొనుబడి ఇసుకపై కట్టిన యింటివంటిది, అనునదియే మనము గ్రహింపవలసిన నీతి.

రంగు క్రింద ఏమున్నది?

నేడు పాత జీపులను ప్రేమతో బాగుచేయువారు అనేక దేశములలో కలరు. వారి పని ఎట్లు జరుగునో తెలిసినచో మంచి మరమ్మతునకును, పైమెరుగునకును గల భేదము తెలియును.

శ్రద్ధగల మేస్త్రీ మొట్టమొదట రంగు డబ్బా తెరువడు. బండిని పూర్తిగా విప్పి చట్రమును ఒంటరిగా నిలుపును. వంగినదా, పగిలినదా, అతుకులు పడినవా అని చూచును. నేలరేకు క్రింద బలమునకై బిగించిన దోనెవంటి రేకుపట్టీలలో ఆనాడు కొయ్యముక్కలు పెట్టియుండిరి. ఆ కొయ్య నీటిని పీల్చి ఏండ్ల తరబడి తడిగా నుండుటచేత రేకు లోపలినుండి తుప్పుపట్టును. పైన ఎంత రంగు వేసినను ఈ తుప్పు ఆగదు. కావున పట్టీని విప్పి, పాడైన రేకును కోసి, క్రొత్తది అతుకవలెను. పిదప ఇంజను, గేర్లు, ఇరుసులు, బ్రేకులు, చివరకు రంగు.

బండి జాతిని గుర్తించుటకును ఆనవాళ్లు కలవు. ముందు భాగపు అడ్డుదూలము విల్లీసు బండిలో గుండ్రని గొట్టమై యుండును. ఫోర్డు బండిలో బోర్లించిన తొట్టివలె నుండును. ఫోర్డువారు తమ బండి భాగములపై, బోల్టుల తలలపై సైతము, "ఎఫ్" అను తమ అక్షరమును అచ్చువేసిరి. చట్రపు సంఖ్య విల్లీసు బండికి రేకుపలకపై నుండును. ఫోర్డు బండికి చట్రముపైననే చెక్కబడియుండును. ఈ ఆనవాళ్లు ఒకదానితో నొకటి పొసగనిచో అది పలు బండ్ల కూర్పని తెలియును. నడచుటకు అది దోషము కాదు. అసలైనదని చెప్పి అధిక ధరకు అమ్ముట దోషము. మన దేశములో అనేక జీపులకు పెట్రోలు ఇంజను తీసివేసి డీసెలు ఇంజను పెట్టిరి. పనికి అది మంచి మార్పే. కాని అట్టి బండి పురాతన శకటమన్న గౌరవమును కోరజాలదు. 2021 లో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, 50 యేండ్లు దాటి, మూలరూపమున పెద్ద మార్పులేని సొంత బండ్లకే పురాతన శకటములుగా నమోదు లభించును. అట్లు నమోదైన దానిని కిరాయికి గాని వ్యాపారమునకు గాని వాడరాదు. కావున అట్టి బండి సంఘపు అద్దె పనులకు పనికిరాదని సభ్యులు గ్రహింతురు గాక.

సభ్యులకు సూచనలు

ఎద్దును కొనునపుడు మనము పండ్లు చూతుము, డెక్కలు చూతుము, సుళ్లు చూతుము, కాడి వేసి నాలుగు అడుగులు నడిపింతుము. అప్పుడు గాని బేరము ముగింపము. లక్షల రూపాయల యంత్రమునకు ఈ మాత్రము పరీక్షయైన చేయకుండుట న్యాయమా? పాత ట్రాక్టరు గాని, పంపు గాని, కోత యంత్రము గాని కొనదలచిన సభ్యులును, సంఘ పాలకవర్గములును ఈ క్రింది సంగతులు మరువరాదు.

1. క్రొత్తగా రంగు వేసిన యంత్రమును మరింత జాగ్రత్తగా చూడవలెను. పైన పటారము, లోన లొటారము కావచ్చును. చట్రపు అడుగుభాగము, అతుకులు, బోల్టుల చుట్టును చూచుట ముఖ్యము.

2. ఇంజను చల్లగా నున్నపుడే మీ యెదుట స్టార్టు చేయించవలెను. ముందే వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచును.

3. ఖాళీగా నడుపుట పరీక్ష కాదు. మీ పొలములో, మీ నేలలో, మీరు చేయింపదలచిన పనినే ఒక పూట చేయించి చూడవలెను.

4. ఇంజను సంఖ్యను, చట్రపు సంఖ్యను కాగితములతో సరిచూడవలెను. బాకీ తీరిన పత్రము లేనిచో బేరము ఆపవలెను.

5. విడిభాగములు దగ్గరి పట్టణములో దొరకునా, మన ఊరి మెకానిక్కు దానిని విప్పి బిగింపగలడా అని ముందే విచారింపవలెను. భాగము దొరకని గొప్ప యంత్రముకంటె, భాగము దొరకు సామాన్య యంత్రమే రైతునకు మేలు.

6. ధర మొత్తము ముందుగా చెల్లింపరాదు. పరీక్ష జరిగి, యంత్రము చేతికి వచ్చి, కొన్నాళ్లు పని చేసిన పిదపనే కడపటి భాగము చెల్లించునట్లు వ్రాతమూలకముగా ఒప్పుకొనవలెను.

7. సంఘము తరఫున కొనునపుడు ఒక్కరి మాటపై పోరాదు. యంత్రమెరిగిన వాని నొకనితో ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి చూచి, చూచినదానిని మినిట్సు పుస్తకములో వ్రాయవలెను.

కొన్న పిదప పోషణ మరువరాదు. జీపులు నేటివరకు నిలిచినది ఉక్కు గొప్పతనముచేత మాత్రమే కాదు. గ్రీజు పెట్టవలసినచోట గ్రీజు పెట్టి, ఆయిలు మార్చవలసినపుడు మార్చి, గాలి వడపోతను దుమ్ము దులిపి శుభ్రపరచిన చేతులచేతను నిలిచినవి. అట్లు చూడబడని వేలకొలది జీపులు పాత ఇనుపసామాను కొట్లలో కరగిపోయెను. సాయంకాలము ఎద్దును కడిగి మేత వేసిన పిమ్మటనే తాను భోజనమునకు కూర్చుండు రైతు మన పల్లెలలో ఎప్పుడును కలడు. ఆ శ్రద్ధలో పదియవ వంతు యంత్రముపై పెట్టినచో, నేడు మనము కొను ట్రాక్టరు మన మనుమల కాలమునను చాలు తీయును. సంఘములు తమ యంత్రములకు ఒక్కొక్కదానికి ఒక చిన్న పుస్తకము పెట్టి, ఆయిలు మార్చిన తేదీ, వేసిన భాగము, అయిన ఖర్చు వ్రాయునట్లు ఈ నెలనుండియే ఏర్పాటు చేయవలెనని మా మనవి.